బాటనీ మేడం చేతిలో పడ్డ డెనిస్ నోలన్

జగిత్యాలలో గిరిజాకుమారి పన్నెండేళ్ళు బాటనీ చెప్పింది. ప్రైవేటు జూనియర్ కాలేజీ. బెండపువ్వును బ్లేడుతో నిలువునా కోసి, లోపలి సంగతంతా బల్లమీద పరచి చూపించడంలో ఆమెకు జిల్లాలో పేరుండేది. ఆమె వరండాలో నడిచి వస్తుంటే చెప్పుల చప్పుడుకే చివరి బెంచీ నిటారుగా కూర్చునేది. మధ్యలో పెళ్ళొకటి అయింది. అది కుదరక ఇద్దరూ ఎవరి సామాన్లు వాళ్ళు సర్దుకుని మర్యాదగా విడిపోయారు. దానికోసం కూడా ఆమె నాలుగు రోజులకు మించి సెలవు పెట్టలేదు.

ముప్పై నాలుగో ఏట నిఖిల అనే పాత విద్యార్థిని సిఫారసు ఉత్తరం కోసం వచ్చింది. ఐర్లాండ్‌లో కార్లో అనే ఊళ్ళో ఎమ్మెస్సీకి దరఖాస్తు పెడుతోందట. గిరిజాకుమారి ఉత్తరం రాసిచ్చి, ఆ పిల్ల వెళ్ళిపోయాక స్టాఫ్ రూములో చాలాసేపు కూర్చుంది. నేను పేపర్లు దిద్ది పాసు చేసిన పిల్ల పోతుంటే, దిద్దినదాన్ని నేను ఇక్కడే ఉండి పదమూడో ఏడు కూడా అదే పువ్వు కోయాలా అనుకుంది. మందుల నాణ్యత మీద అక్కడే ఒక కోర్సు ఉందని తెలిసి తానూ దరఖాస్తు పెట్టింది. కార్క్ చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలు బోలెడని, ఏదో ఒక ల్యాబులో తెల్లకోటు ఖాయమని కన్సల్టెన్సీ వాళ్ళు నమ్మబలికారు. 2019 సెప్టెంబరులో గురువూ శిష్యురాలూ ఒకే విమానం దిగి, కార్లోలో ఒకే ఇంట్లో ఒకే గది అద్దెకు తీసుకున్నారు.

అక్కడినుంచి అంతా తలకిందులైంది. నిఖిలకు ఏ యంత్రమైనా రెండు నిమిషాల్లో వంటబట్టేది. మేడంకు పట్టేది కాదు. ఇంటి ఓనరమ్మ గిన్నెలు తుడిచి ప్రెస్‌లో పెట్టమన్న రోజున గిరిజాకుమారి అరగంటసేపు ఇస్త్రీపెట్టె కోసం వెతికింది.

"మేడం, ఈడ ప్రెస్ అంటే అల్మారా," అంది నిఖిల, క్లాసులో నిలబడ్డట్టే చేతులు కట్టుకుని.

"నాకు తెల్వదా," అంది మేడం, దొరికిన ఇస్త్రీపెట్టెను వీపు వెనక దాచుకుంటూ.

చదువుతోపాటు వారానికి ఇరవై గంటలు పని చేసుకోవచ్చు. బారో నది ఒడ్డున, ముసలివాళ్ళను ఉంచి చూసుకునే ఒక నర్సింగ్ హోమ్‌లో గిరిజాకుమారి కేర్ అసిస్టెంటుగా చేరింది. పొద్దున లేపడం, స్నానాలు చేయించడం, తినిపించడం, పక్కలు మార్చడం. మొదటి వారం ఆమె స్నానాలగదిలో కుళాయి తిప్పి రెండుసార్లు ఏడ్చింది. రెండో వారం నుంచి ఏడవడానికి తీరిక చిక్కలేదు. అక్కడి పెద్ద నర్సు మిసెస్ కవెనా. ఆవిడ వరండాలో నడిచి వస్తుంటే, ఆ చెప్పుల చప్పుడుకే గిరిజాకుమారి వెన్ను నిటారుగా అయ్యేది. ఈ చప్పుడు ఎక్కడో విన్నట్టుందే అనుకునేది.

ఇంతలో కరోనా వచ్చిపడింది. కాలేజీ మూసేశారు. నర్సింగ్ హోమ్‌లోకి పనివాళ్ళను తప్ప పిట్టను కూడా రానివ్వలేదు. ప్లాస్టిక్ గౌను, మాస్కు, దానిమీద ముఖానికి అద్దంలాంటి రేకు. ఆ వేషంలో గిరిజాకుమారి ఒక ఫోటో దిగి వాట్సాప్‌లో పెట్టింది. జగిత్యాలలో ప్రిన్సిపాల్ ఏసుదాసు అది చూసి, మన బాటనీ మేడం ఐర్లాండ్‌లో వ్యాక్సిన్ కనిపెట్టే పనిలో ఉందని ఆన్‌లైన్ క్లాసులో ప్రకటించాడు. మూడు వందల మంది పిల్లలు దండాల బొమ్మలు పంపారు. నేను ముసలివాళ్ళకు డైపర్లు మారుస్తున్నానని మూడు వందల మందికి విడివిడిగా ఏం చెబుతాం. ఊరుకుంది.

తొమ్మిదో నంబరు గదిలో డెనిస్ నోలన్ ఉండేవాడు. ఎనభై ఆరేళ్ళు. కార్లోలో చక్కెర ఫ్యాక్టరీ మూతపడేదాకా దాని కోసం దుంపలు పండించిన రైతు. చెవులు ఎప్పుడో మొరాయించాయి. మనుషుల పెదాలు చూసి మాట పోల్చుకునేవాడు. అందరూ మాస్కులు కట్టేసరికి ఆయనకు లోకం మూగబోయింది. ఎవరేమడిగినా "గ్రాండ్" అనేవాడు. ఐర్లాండ్‌లో ఆ మాటకు బాగుంది, సరే, పోనీ, నన్నొదిలెయ్ అని నాలుగర్థాలున్నాయి. డెనిస్ వాడేది ఎక్కువగా నాలుగోది.

మాస్కులోంచి తన ఇంగ్లిషు ఎలాగూ ఎవరికీ అర్థం కావడం లేదని గిరిజాకుమారికి తెలిసిపోయింది. అలాంటప్పుడు కష్టపడి ఇంగ్లిషు మాట్లాడటం ఎందుకని, పని చేసుకుంటూ తెలుగులోనే గొణుక్కోవడం మొదలుపెట్టింది. గొణుగుడు అని ఆమె అనుకుంది. కాని పన్నెండేళ్ళు మైకు లేకుండా తొంభై మందికి వినిపించిన గొంతు అది. ఏప్రిల్ నెలలో ఒక పొద్దున ఆమె దుప్పటి మడుస్తూ "ఏం లొల్లిరా నాయనా" అంటే, మంచంమీదినుంచి జవాబు వచ్చింది.

"ఏం లొల్లి," అన్నాడు డెనిస్.

గిరిజాకుమారి చేతిలో దుప్పటి జారిపోయింది. నెల రోజుల తరువాత ఆయన చెవికి ఎక్కిన మొదటి మనిషి గొంతు తనదేనని అప్పుడు తెలిసింది. ఇంకొకరైతే అక్కడ సంతోషించి ఊరుకునేవారు. ఆమె లెక్చరర్ కాబట్టి తప్పు దిద్దింది.

"ల కాదు తాతా, ళ. నాలుక మడత వెట్టు. లొళ్ళి అనకు, మళ్ళ అది తప్పు. గీడ లనే. నేనే ఆగమైన, ఆగు."

అలా చదువు మొదలైంది. జర ఆగు. పైలం. నీకెందుకు. చాయ్ సల్లగైంది. అంతా ఆగమాగం. రోజుకు రెండు మాటలు, మరునాడు పొద్దున పరీక్ష, తప్పైతే మూడుసార్లు అప్పగింత. పశువుల సంతల్లో అరవై ఏళ్ళు బేరమాడిన నోరు అది, యాసతో సహా పట్టేసింది. మిసెస్ కవెనా చెప్పుల చప్పుడు వినపడగానే గిరిజాకుమారి "గయ్యాళి వచ్చింది" అని గొణిగేది. అదీ పట్టేశాడు.

ఒకరోజు ఆయనే అడిగాడు, నువ్వు మీ ఊళ్ళో ఏం చేసేదానివని. ఆమె చెప్పింది. డెనిస్ తన వంశచరిత్ర విప్పాడు.

"మా బాబాయి బోస్టన్ పోయి బొగ్గు పార పట్టాడు. కొడుకు కలం పట్టాడు. మనవడు జడ్జీ అయ్యాడు, ఇప్పుడు మేం పంపే క్రిస్మస్ కార్డులకు జవాబు రాదు. అమెరికాలో అదీ వరస. ముందు పార, తరువాత కలం, ఆ పైన జవాబు లేకపోవడం. నువ్వేమో కలంతో వచ్చి పార అందుకున్నావు. నీకెవరో కాగితం తలకిందులుగా ఇచ్చారమ్మాయ్."

"గదే నాకు గూడ అనుమానం," అంది గిరిజాకుమారి, చాలా గట్టిగా, తెలుగులో.

డెనిస్ కూతురు మేరీ డబ్లిన్‌లో ఉండేది. శాండీఫోర్డ్‌లో ఒక ఫైనాన్సు ఆఫీసులో, ఎక్కడ ఏ ప్రమాదం పొంచి ఉందో ముందే కనిపెట్టే విభాగంలో అధికారి. నోలన్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. తండ్రిని చూడటానికి రానివ్వకపోవడంతో రోజూ సాయంత్రం ఆరింటికి టాబ్లెట్‌లో వీడియో కాల్ చేసేది. ముసలివాళ్ళ మతిమరుపు గురించి ఇంటర్నెట్‌లో ఏదో చదివి భయపడిపోయి, ఆ కాల్‌లో ప్రశ్నలు వేసేది. ఇవాళ ఏ వారం. ఏ నెల. ప్రధాని ఎవరు. నూరులోంచి ఏడేడు తీసేస్తూ పో. జవాబులకు మార్కులు వేసి, కంప్యూటర్‌లో పట్టిక కట్టి, నెలాఖరున మిసెస్ కవెనాకు గ్రాఫు పంపేది. అక్టోబరులో డెనిస్ అరవై రెండు శాతం.

నవంబరులో నిఖిలకు కరోనా వచ్చింది. ఒకే గది కాబట్టి గిరిజాకుమారి రెండు వారాలు ఇల్లు కదలకూడదన్నారు. నిఖిల దుప్పటి కప్పుకుని "సారీ మేడం" అంటుంటే, ఆమె మిరియాల చారు పెట్టి గుమ్మం దగ్గర వదిలి వంటింట్లో నేలమీద పడుకునేది. అక్కడ తొమ్మిదో నంబరు గది మళ్ళీ మూగబోయిందన్న సంగతి ఆమెకు తట్టలేదు.

మూడో రోజు సాయంత్రం మేరీ యథాప్రకారం ఇవాళ ఏ వారం అని అడిగింది.

"నీకెందుకు," అన్నాడు డెనిస్.

మేరీ ప్రధాని పేరు అడిగింది. అంతా ఆగమాగం అన్నాడు. నూరులోంచి ఏడు తీసేస్తే ఎంత అంటే, చాయ్ సల్లగైంది అన్నాడు. మరునాడూ అంతే, ఆ పై నాడూ అంతే. ఒక్క ఇంగ్లిషు ముక్క లేదు. నోట మాట పడిపోయింది, ఇది పక్షవాతమే అని మేరీ గుండెలు బాదుకుంది. ఊళ్ళో జీపీ, అంటే మామూలు డాక్టరు, ఫోనులోనే విని నాకూ అలాగే అనిపిస్తోంది అన్నాడు. ఆ రోజుల్లో ఎనభై ఆరేళ్ళ మనిషిని ఆసుపత్రికి తరలించడానికి అందరికీ భయమే. కార్క్‌లో ముసలివాళ్ళ జబ్బులకు పెద్ద స్పెషలిస్టు ఉన్నాడు, ముందు ఆయన వీడియోలో చూస్తాడని ఏర్పాటు చేశారు.

గిరిజాకుమారి పనికి తిరిగి వచ్చిన రోజే ఆ వీడియో. విషయం ఏమిటో ఎవరూ చెప్పలేదు. తొమ్మిదో గదిలో టాబ్లెట్ పట్టుకుని నిలబడు, డాక్టరు మాట్లాడతాడు అన్నారంతే. తెరమీద ఒక సగంలో మేరీ ముక్కు తుడుచుకుంటూ ఉంది. రెండో సగంలో స్పెషలిస్టు వెలిగాడు.

డాక్టర్ మధుసూదనరావు. తెనాలి మనిషి. ఐర్లాండ్ వచ్చి పాతికేళ్ళు. గిరిజాకుమారి గుర్తుపట్టింది. కిందటేడు డబ్లిన్‌లో తెలుగువాళ్ళ దసరా సభలో ముందు వరుసలో కూర్చున్నది ఈయనే. ఆ సభల్లో మొదటి వరుస డాక్టర్లది, రెండోది ఐటీ వాళ్ళది, చదువుకునే పిల్లలు నిలబడి వడ్డించాలి. ఆమె పులిహోర ప్లేటు అందిస్తే ఆయన ప్లేటును బాగా చూశాడు. పట్టుకున్న మనిషిని చూడలేదు. ఇవాళ రేకు, మాస్కు, గౌను మధ్య చూడటానికి కళ్ళు తప్ప ఏమీ లేవు కాబట్టి ఆ బెంగ లేదు.

"మిస్టర్ నోలన్, ఇవాళ ఏ వారం?" అని అడిగాడు డాక్టరు, నికార్సైన కార్క్ ఇంగ్లిషులో.

డెనిస్ ఆయన్ను చూడలేదు. టాబ్లెట్ వెనక కళ్ళను చూశాడు. రెండు వారాల తరువాత కనిపించిన కళ్ళు. ముఖం వికసించింది.

"నీకెందుకు," అన్నాడు హాయిగా.

డాక్టరు రాసుకుంటున్న పెన్ను ఆగింది.

"మీరిప్పుడు ఎక్కడున్నారో చెప్పగలరా?"

"అంతా ఆగమాగం. జర ఆగు. చాయ్ సల్లగైంది."

"చూశారా డాక్టర్," అని ఏడ్చింది మేరీ. "పది రోజులుగా ఇదే. అర్థం పర్థం లేని శబ్దాలు."

అప్పుడు వరండాలో చెప్పుల చప్పుడైంది. మిసెస్ కవెనా తలుపు తోసి లోపలికి వచ్చింది. డెనిస్ గొంతు తగ్గించి, డాక్టరును హెచ్చరించాడు.

"గయ్యాళి వచ్చింది. పైలం."

డాక్టర్ మధుసూదనరావు నవ్వు ఆపుకోబోయి దగ్గాడు. ఆ ఏడాది దగ్గితే మామూలు సంగతా. అటు మేరీ, ఇటు మిసెస్ కవెనా ఒకేసారి, మీరు పరీక్ష చేయించుకున్నారా అన్నారు. ఆయన చెయ్యి ఊపి, తెర ఆపేశాడు. చీకటిలోంచి గొంతు వచ్చింది. ఆ గొంతులో కార్క్ లేదు.

"ఎవరమ్మా ఆ టాబ్లెట్ పట్టుకున్నది?"

"నేనే సార్," అంది గిరిజాకుమారి నీరసంగా.

"ఎంతకాలంనుంచి చెబుతున్నారు ఈయనకి?"

"ఏప్రిల్ నుంచి సార్. నేను చెప్పలే. ఆయనే వట్టేసిండు."

మేరీ ముఖం పాలిపోయింది. డాక్టరుకూ మొదలైంది, ఆ అమ్మాయికీ మొదలైంది. ముగ్గురూ అవే శబ్దాలు చేస్తున్నారు.

"ఇది అంటుకుంటుందా?" అంది వణుకుతూ. "వీడియోలోంచి కూడానా?"

డాక్టరు మళ్ళీ తెరమీదికి వచ్చి, కళ్ళు తుడుచుకుని, వీలైనంత గంభీరంగా చెప్పాడు. "అమ్మా, మీ నాన్నగారికి పక్షవాతం లేదు. ఆయనకు వచ్చింది తెలుగు."

"అది ఎంత ప్రమాదం?"

"ఎనిమిది కోట్ల మందికి పైగా ఉందమ్మా. అందరం బాగానే ఉన్నాం."

అది భాష అని ఆమెకు నచ్చజెప్పడానికి పది నిమిషాలు పట్టింది. అంతా అయ్యాక డెనిస్ ఇంగ్లిషులో, చక్కగా, కార్లో యాసలో నోరు విప్పాడు. తాను దుంపలు తవ్వి చదివించిన కూతురు, చదువుకుని వచ్చి తనకే పరీక్షలు పెడుతోందన్నాడు. రోజూ పెడితే ఎవడు చదువుతాడన్నాడు. ఊళ్ళో ఆవేదైనా ఈనిందా, వాన పడిందా, ఆఫీసులో ఎవడితోనైనా పోట్లాడావా అని ఒక్క కబురు లేదన్నాడు. "ఈ పిల్ల కూడా పరీక్ష పెడుతుంది, నిజమే. కాని ముందు పాఠం చెబుతుంది."

మేరీ ముక్కు తుడుచుకుని, "బుధవారం ఆఫీసులో ఒకడితో పోట్లాడాను నాన్నా," అంది. తండ్రి కుర్చీ ముందుకు జరుపుకుని వివరాలు అడిగాడు.

మిసెస్ కవెనా మాత్రం తలుపు దగ్గరే నిలబడి ఉంది. తాను వచ్చినప్పుడు ఆయన అన్న మాటకు అర్థం ఏమిటని డాక్టరును అడిగింది. గిరిజాకుమారికి తన వీసా, తన ఉద్యోగం, విమానం టికెట్టు వరసగా కళ్ళముందు కదిలాయి. డాక్టరు ఒక్క క్షణం ఆలోచించాడు.

"గయ్యాళి అంటే, ఎవరికీ తలవంచని గట్టి ఆడమనిషి అని. మావైపు అందరినీ అనరు."

మిసెస్ కవెనా మెడ ఎత్తుకుని వెళ్ళింది. మరునాడు ఒక మార్కరు తెచ్చి, తన ముఖంరేకు మీద ఆ మాట మీ లిపిలో రాసి పెట్టమంది. గిరిజాకుమారి అందంగా, గుండ్రంగా రాసిచ్చింది. క్రిస్మస్ దాకా ఆవిడ అదే పెట్టుకుని తిరిగింది. నర్సింగ్ హోమ్ ఫేసుబుక్కు పేజీలో ఆ ఫోటో చూసి జగిత్యాలలో ఎంతమంది ఉలిక్కిపడ్డారో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆ ఆదివారం డాక్టర్ మధుసూదనరావు గిరిజాకుమారికి ఫోను చేశాడు.

"ఏమ్మా, ఎక్కడ చదువుకున్నావు నువ్వు? ఇంటర్ అయిందా?"

"నేను ఇంటర్‌కు చెప్పేదాన్ని సార్. బాటనీ. పన్నెండేండ్లు."

అవతల సర్దుకున్న చప్పుడు. "అయ్యయ్యో, లెక్చరర్‌గారా. క్షమించాలండీ, నాకు తెలీదు. మీరు ఎంత కష్టపడుతున్నారండీ."

"నేను మొన్నటిదాన్నే సార్," అంది గిరిజాకుమారి. "ఒక నిమిషంల నువ్వు పోయి మీరు వచ్చింది."

అవతల తలుపు మూసిన చప్పుడు వినిపించింది. కోపం వచ్చిందేమో అనుకుందామె. తరువాత నెమ్మదిగా ఒక సంగతి చెప్పాడు. ఎండీ పట్టా చేత్తో పట్టుకుని వచ్చిన కొత్తలో, ఇక్కడి పరీక్ష పాసయ్యేదాకా ఏడు నెలలు ఒక చిప్స్ దుకాణం వెనక గదిలో బంగాళాదుంపలు చెక్కుతీశాడట. పాతికేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. భార్య లీలారాణికి కూడా, ఆ ఏడు నెలలూ రీసెర్చి చేశానని చెప్పాడు.

"దేనిమీద అని అడగలేదా సార్ ఆమె?"

"దుంపజాతి మొక్కల మీద అన్నానండీ."

"అది బాటనీయే సార్," అంది గిరిజాకుమారి, ఉదారంగా.

అప్పుడాయన అసలు పని బయటపెట్టాడు. పిల్లలిద్దరూ తెలుగులో అడిగితే కార్క్ ఇంగ్లిషులో జవాబిస్తారు. డెనిస్‌తో వారానికొకసారి పది నిమిషాలు తెలుగులో మాట్లాడనిస్తారా అని అడిగాడు. గురువారాలు కుదిరింది. మొదటి గురువారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని తెరమీదికి వచ్చి, "ఏమండీ, బావున్నారా, భోంచేశారా" అన్నాడు. డెనిస్ శ్రద్ధగా విని, గిరిజాకుమారి వైపు తిరిగి ఇంగ్లిషులో అన్నాడు.

"మంచివాడే. కాని పాపం, తెలుగు సరిగ్గా రాదు."

డాక్టరు పట్టు వదల్లేదు. జనవరికల్లా "తిన్నవా, మంచిగున్నవా" అని తెనాలి నాలుక తిప్పుకున్నాడు. లీలారాణి విని, ఈయనకేమైందోనని కంగారుపడిందట.

2021 ఏప్రిల్లో గిరిజాకుమారికి కార్క్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో, నాణ్యత పరీక్షించే ల్యాబులో ఉద్యోగం వచ్చింది. డాక్టరు సిఫారసు చేస్తానంటే వద్దంది. ఇంటర్వ్యూలో, మధ్యలో ఏడాదిన్నర ఏం చేశారని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది, డైపర్లతో సహా. అడిగినామె కూడా మాస్కులోనే ఉంది. చెమ్మగిల్లిన కళ్ళు మాత్రం కనిపించాయి. అవి నవ్వుతోనో దేనితోనో గిరిజాకుమారికి ఇప్పటికీ తెలియదు. ఏసుదాసు మాత్రం, నేను ఏడాది కిందటే చెప్పలేదా అని కాలేజీ అంతా తిరిగాడు.

ఆఖరి రోజు తొమ్మిదో గదికి వెళ్ళి, కార్క్ పోతున్నానని చెప్పింది. డెనిస్ ఆమెను ఎగాదిగా చూశాడు. కార్లో వాళ్ళకు కార్క్ వాళ్ళంటే గిట్టదు. వాళ్ళకు అంతా తమకే తెలుసన్న పొగరని ఇక్కడి నమ్మకం.

"లండన్ పోతానంటే ఓర్చుకుందును," అన్నాడు. "ఇంకెక్కడికి పోయినా. కార్కా?"

"ఏం జేయాలె తాతా. తెల్లకోటు అక్కడనే ఉంది."

"పోయి వాళ్ళకు గూడా రెండు మాటలు నేర్పు. మాట్లాడటం రాదు వాళ్ళకి." ఆయన కిటికీ వైపు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగాడు. "నీ చోట్లో ఎవరొస్తున్నారు?"

"ఫిలిప్పీన్స్ ఆమె. మంచిదే. గొంతు పెద్దది, నేను ఇన్న."

డెనిస్ తల పంకించాడు. దిండు కింద చెయ్యిపెట్టి కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. కొత్త భాషకు ఒక నోటుపుస్తకం కావాలి, వెళ్ళేలోపు కొనిపెట్టి పొమ్మన్నాడు.